గ్లిచ్ ఎక్కడ పుట్టింది: సర్క్యూట్‌లోనా, ప్రోబ్‌లోనా, స్కోపులోనా?

మీరు వివరించిన పరిస్థితి ఇది. 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ నుంచి 1 మెగాహెర్ట్జ్ క్లాక్ దాదాపు 20 సెంటీమీటర్ల జంపర్ తీగ మీదుగా ఒక కౌంటర్ ఐసీకి వెళ్తోంది. పంపిన పల్సులతో పోల్చి చూస్తే కౌంటర్ నిమిషానికి సుమారు మూడు లెక్కలు అదనంగా చూపుతోంది. 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (చూపగలిగే ఫ్రీక్వెన్సీల హద్దు), సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు (కొలతలు), పది లక్షల పాయింట్ల మెమరీ ఉన్న నాలుగు చానెళ్ల డిజిటల్ ఆసిలోస్కోప్‌తో చూస్తే ప్రతి ఎడ్జ్ (వోల్టేజి మారే అంచు) దగ్గరా రింగింగ్, అంటే గంట మోతలా ఊగే అలలు, కనిపిస్తోంది. అప్పుడప్పుడు ఒక సన్నని స్పైకు (గ్లిచ్, అంటే ఉండకూడని పొట్టి పల్సు) క్షణకాలం మెరిసి మాయమవుతోంది. టైమ్‌బేస్‌ను (తెర మీది కాలపు కొలబద్దను) డివిజన్‌కు, అంటే ఒక్కో గడికి, 100 మిల్లీసెకన్లు చేస్తే 1 మెగాహెర్ట్జ్ క్లాక్ స్థానంలో 20 హెర్ట్జ్ చదరపు తరంగం కనబడుతోంది. స్కోపు పాడైందా, వెనక్కి ఇచ్చేయాలా అని అడిగారు.

స్కోపు పాడైందని నాకు అనిపించడం లేదు. ఒకే జబ్బుకు మూడు లక్షణాలుగా మీరు భావిస్తున్నవి నిజానికి మూడు వేర్వేరు చోట్ల పుట్టినవి. 20 హెర్ట్జ్ తరంగం స్కోపు శాంప్లింగ్‌లో పుట్టింది. రింగింగ్‌లో ఎక్కువ భాగం ప్రోబ్ (స్కోపును సర్క్యూట్‌కు తగిలించే కొలత కడ్డీ) గ్రౌండ్ తీగలో పుట్టింది. క్షణకాలం మెరిసే స్పైకు మాత్రం బహుశా మీ సర్క్యూట్‌లోనే పుట్టింది, కౌంటర్ చేత తప్పు లెక్క వేయిస్తున్నదీ అదే అయి ఉంటుంది. ఇది ఊహగా మిగిలిపోకుండా ఒక్కొక్కదాన్నీ విడిగా ఎలా రుజువు చేసుకోవాలో చెబుతాను. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, ఆ మార్పుకు తెర మీద ఏది కదిలిందో రాసి పెట్టుకోండి. రెండు నాబ్‌లు ఒకేసారి తిప్పితే దేనివల్ల ఏది పోయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ముందుగా ఆ 20 హెర్ట్జ్ సంగతి. స్కోపు పెట్టె మీద రాసిన శాంప్లింగ్ రేటు అన్ని టైమ్‌బేస్‌ల దగ్గరా లభించేది కాదు. తెర మీద కనిపించే మొత్తం కాలాన్ని మెమరీలోని పాయింట్లతోనే నింపాలి కాబట్టి, కాలం పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. డివిజన్‌కు 100 మిల్లీసెకన్లు అంటే పది డివిజన్లకు ఒక సెకను. ఆ సెకనుకు మీ దగ్గరున్నవి పది లక్షల పాయింట్లు, అంటే సెకనుకు పది లక్షల శాంపిళ్లు మాత్రమే. 1 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను సెకనుకు పది లక్షల సార్లు చూస్తే ప్రతి ఆవృత్తిలోనూ ఇంచుమించు ఒకే చోట చూసినట్టు అవుతుంది. మీ క్లాక్ నిజానికి 10,00,020 హెర్ట్జ్ అయితే, చూసే చోటు మెల్లగా జరుగుతూ సెకనుకు ఇరవై సార్లు మొత్తం ఆవృత్తిని చుట్టి వస్తుంది. తెర మీద దాన్నే మీరు 20 హెర్ట్జ్ తరంగంగా చూశారు. మైక్రోకంట్రోలర్‌లోని క్రిస్టల్‌కూ స్కోపులోని క్రిస్టల్‌కూ మధ్య పది లక్షల్లో ఇరవై వంతుల తేడా ఉండటం పూర్తిగా సహజం. దీనినే ఎలియాసింగ్ అంటారు. ఎండమావిని గుర్తుపట్టే ఉపాయం ఒక్కటే, మనం కదలాలి: టైమ్‌బేస్‌ను ఒక మెట్టు వేగం వైపు (డివిజన్‌కు తక్కువ కాలం వైపు) మార్చండి, నిజమైన తరంగమైతే దాని ఫ్రీక్వెన్సీ అంకె మారదు, ఎలియాస్ అయితే ఆ అంకె వేరే విలువకు దూకుతుంది లేదా తెర నిండా పట్టీలా మారిపోతుంది. సిగ్నల్ బాగానే ఉన్నా ట్రిగ్గర్ (తరంగాన్ని ఎక్కడి నుంచి పట్టాలో నిర్ణయించే ఏర్పాటు) నిలవకుండా తరంగం జారిపోతూ ఉండటం కూడా దీనికి మరో గుర్తు.

ఇదే లెక్క స్పైకు విషయంలో మరింత ముఖ్యం. డివిజన్‌కు 10 మిల్లీసెకన్ల దగ్గర తెర మొత్తం 100 మిల్లీసెకన్లు, శాంప్లింగ్ రేటు సెకనుకు కోటి, అంటే రెండు శాంపిళ్ల మధ్య దూరం 100 నానోసెకన్లు. 5 నానోసెకన్ల స్పైకు ఆ రెంటి మధ్య సందులో పడిపోవడానికే అవకాశం ఎక్కువ, ఇరవైలో ఒక్కసారి మాత్రమే శాంపిల్ దాని మీద పడుతుంది. టైమ్‌బేస్ మారిస్తే స్పైకు మాయమైందని, అందువల్ల అది స్కోపు భ్రమ అని మీరు రాశారు. ఆ నిర్ధారణ సరికాదు, ఎందుకంటే నిజమైన స్పైకు కూడా సరిగ్గా అలాగే మాయమవుతుంది. అక్విజిషన్ మెనూలో పీక్ డిటెక్ట్ అనే పద్ధతి ఉంటుంది. అందులో ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే భాగం) ఎప్పుడూ పూర్తి వేగంతోనే పనిచేస్తూ, ప్రతి విరామంలోనూ కనిష్ఠ, గరిష్ఠ విలువలను మాత్రం మెమరీలో దాస్తుంది. నెమ్మది టైమ్‌బేస్‌లో గ్లిచ్‌ల కోసం వెతికేటప్పుడు ఇది తప్పనిసరి. అలాగే యావరేజింగ్, హై రిజల్యూషన్, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పరిమితి, ఈ మూడూ ఆపి ఉన్నాయో లేదో చూసుకోండి. తరంగాన్ని అందంగా చూపించే ప్రతి సెట్టింగూ గ్లిచ్‌ను చెరిపేసేదే.

స్కోపులోనే పుట్టే మరొక భ్రమ శాంపిళ్ల మధ్య గీసే గీతలో ఉంటుంది. చాలా స్కోపుల్లో చానెళ్లన్నీ ఒకే ఏడీసీ వేగాన్ని పంచుకుంటాయి; నాలుగు చానెళ్లూ తెరిచి ఉంచితే మీ 100 కోట్లు ఒక్కో చానెల్‌కు 25 కోట్లే అవుతాయి, శాంపిళ్ల మధ్య దూరం 4 నానోసెకన్లు అవుతుంది. అంత దూరంలో 4 నానోసెకన్ల ఎడ్జ్ మీద ఒకటి రెండు చుక్కలకు మించి పడవు. వాటిని సైన్ ఎక్స్ బై ఎక్స్ ఇంటర్‌పొలేషన్‌తో (చుక్కల మధ్య నున్నటి వంపు గీసే పద్ధతితో) కలిపినప్పుడు ఎడ్జ్‌కు అటూ ఇటూ లేని అలలు గీయబడతాయి. ఎడ్జ్ రావడానికి ముందే వంపు కనిపిస్తే నేను మొదట దీన్నే అనుమానిస్తాను, ఎందుకంటే డ్రైవర్ కదలకముందే దాని ప్రభావం తీగలో కనిపించదు. వాడని చానెళ్లు ఆపేసి, గీతకు బదులు చుక్కలు మాత్రమే చూపే డాట్స్ డిస్‌ప్లే పెట్టి చూడండి. చుక్కలే పైకి లేచి ఉంటే అది కొలిచిన విలువ. చుక్కలు సక్రమంగా ఉండి గీత మాత్రమే వంపు తిరిగితే అది గీసిన విలువ.

ఇక ప్రోబ్. నా అనుభవంలో రింగింగ్ గురించిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. మీ ప్రోబ్‌తో వచ్చిన మొసలి క్లిప్ గ్రౌండ్ తీగ పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. తీగకు మిల్లీమీటరుకు దాదాపు 1 నానోహెన్రీ చొప్పున ఇండక్టెన్స్ లెక్కిస్తే అది 150 నానోహెన్రీలు. 10ఎక్స్ (సిగ్నల్‌ను పదో వంతుకు తగ్గించే) ప్రోబ్ కొన దగ్గర కెపాసిటెన్స్ సుమారు 12 పికోఫారడ్లు. ఈ రెండూ కలిసి దాదాపు 120 మెగాహెర్ట్జ్ దగ్గర మోగే సర్క్యూట్‌ను మీరు తెలియకుండానే కట్టారు, అది మీ స్కోపు చూడగలిగిన పరిధి అంచునే ఉంది. వేగంగా లేచే ప్రతి ఎడ్జ్ దాన్ని గంటలా కొడుతుంది. ఆ తీగ తీసేసి, ప్రోబ్‌తో పాటు వచ్చే చిన్న స్ప్రింగ్ గ్రౌండ్‌ను కొన దగ్గరి లోహపు వలయానికి తొడిగి, కౌంటర్ గ్రౌండ్ పిన్ పక్కనే ఆనించండి. 10 మిల్లీమీటర్ల స్ప్రింగ్‌తో ఆ మోత 450 మెగాహెర్ట్జ్ దాటిపోతుంది, మీ స్కోపుకు దాదాపు కనిపించదు. ఇలా మార్చిన తర్వాత రింగింగ్ రూపం మారితే, మారినంత మేరకు అది మీ కొలతలోనిది. మారకుండా మిగిలినది సిగ్నల్‌లోనిది.

ప్రోబ్‌ను 10ఎక్స్‌లోనే ఉంచండి. 1ఎక్స్ స్థానంలో సాధారణ ప్రోబ్‌ల బ్యాండ్‌విడ్త్ 6 నుంచి 10 మెగాహెర్ట్జ్‌లకు పడిపోతుంది, మీరు వెతికే స్పైకు అందులో కరిగిపోతుంది. స్కోపు ముందు భాగంలో ఉండే 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగంతో కాంపెన్సేషన్ స్క్రూ (ప్రోబ్‌ను స్కోపుకు సరిపడేలా సర్దేది) కూడా సరిచూసుకోండి. ఇది రెండు నిమిషాల పని. గ్రౌండ్ క్లిప్ స్కోపు చట్రం ద్వారా మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. మీ బోర్డు బ్యాటరీ మీదో ఐసొలేటెడ్ (మెయిన్స్ నుంచి విడగొట్టిన) సప్లై మీదో నడుస్తుంటే ఇబ్బంది లేదు, మెయిన్స్‌తో నేరుగా సంబంధమున్న సర్క్యూట్‌కు మాత్రం ఆ క్లిప్ ఎన్నడూ తగిలించకూడదు, స్కోపు ఎర్త్ పిన్ తీసేయడం దానికి పరిష్కారం కాదు, ప్రాణాపాయం.

తర్వాత నేను ఎప్పుడూ వదలని పరీక్ష ఒకటి చేయండి. ప్రోబ్ కొననూ దాని గ్రౌండ్‌నూ, రెంటినీ బోర్డు మీద ఒకే గ్రౌండ్ బిందువుకు ఆనించండి. అక్కడ సిగ్నల్ ఏదీ లేదు, తెర మీద చదునైన గీత రావాలి. స్పైకు అప్పుడు కూడా వస్తే అది మీ క్లాక్‌లోనిది కాదు, గ్రౌండ్ తీగ వలయం యాంటెన్నాలా పట్టుకున్నదో, ప్రోబ్ కేబుల్ కవచం మీదుగా పారే కామన్ మోడ్ (సిగ్నల్‌తో సంబంధం లేకుండా బయటి నుంచి వచ్చే) కరెంటు పుట్టించినదో అవుతుంది. ప్రోబ్ కేబుల్‌ను ఒక ఫెర్రైట్ కోర్ చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పితే అది తగ్గుతుంది. తగ్గిందంటే కారణం రుజువైనట్టే. చాలాసార్లు ఇలాంటి స్పైకులు దగ్గరలోని స్విచింగ్ సప్లై నుంచో రిలే కాయిల్ నుంచో వస్తాయి.

ఈ పరీక్ష మీద నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక మోటారు కంట్రోల్ బోర్డులో రీసెట్ లైన్ మీద కనిపించిన స్పైకు వెనుక రెండు రోజులు తిరిగాను, కెపాసిటర్లు మార్చాను, ట్రాక్ కోసి తీగ వేశాను. చివరికి కొననూ గ్రౌండ్‌నూ కలిపి చూస్తే అదే స్పైకు, అదే ఎత్తులో కనిపించింది. రిలే ఆగిన ప్రతిసారీ నా గ్రౌండ్ తీగే దాన్ని పట్టుకుంటోంది. ఆ అనుభవం తర్వాత మరో బోర్డులో కనిపించిన 6 నానోసెకన్ల పల్సును, పరీక్షించకుండానే, ఇదీ గ్రౌండ్ తీగ పనే అని కొట్టిపారేశాను. అది నిజమైనది, దానివల్లే మెమరీలోకి తప్పుడు డేటా రాయబడుతోందని తేలడానికి మరో వారం పట్టింది. తాడును చూసి పామనుకున్న నేను, తర్వాత పామును చూసి తాడనుకున్నాను. రెండుసార్లూ నిమిషం పట్టే పరీక్ష చేసి ఉంటే సరిపోయేది.

కొలత శుభ్రమయ్యాక కూడా తెర మీది ఎత్తును యథాతథంగా నమ్మవద్దు. 100 మెగాహెర్ట్జ్ స్కోపు సొంత రైజ్ టైమ్ (ఎడ్జ్ లేవడానికి పట్టే కాలం) 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వచ్చే 3.5 నానోసెకన్లు. 2 నానోసెకన్లలో లేచే ఎడ్జ్ మీకు దాదాపు 4 నానోసెకన్లుగా కనిపిస్తుంది. 2 నానోసెకన్ల వెడల్పున్న పల్సును స్కోపు సుమారు 70 శాతం ఎత్తుకే చూపుతుంది. అందువల్ల క్లాక్ హై స్థాయిలో ఉండగా 3.3 నుంచి 0.9 వోల్టులకు పడి లేచిన సన్నని గుంట తెర మీద 1.6 వోల్టుల దగ్గరే ఆగినట్టు కనబడవచ్చు. ఇన్‌పుట్ స్థాయిలు సప్లైలో 0.3, 0.7 వంతులుగా ఉన్న సీమాస్ కౌంటర్‌కు లో హద్దు (దీనికి కింద ఉంటే లో) దాదాపు 1 వోల్టు, హై హద్దు (దీనికి పైన ఉంటే హై) 2.3 వోల్టులు. అంటే తెర మీద హద్దు దాటని గుంట ఐసీ దగ్గర నిజంగా దాటి ఉండవచ్చు. ప్రోబ్ కూడా సాక్షిగా మాత్రమే ఉండదు: 12 పికోఫారడ్ల కొన, పేరుకు 10 మెగాఓములే అయినా, 100 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 130 ఓముల భారం. దాన్ని తగిలించగానే తప్పు లెక్కలు ఆగిపోతే ఆశ్చర్యపోవద్దు. అది మంచి ఆధారం, ఆ లైన్ అంచు మీద నడుస్తోందని చెబుతోంది.

ఇప్పుడు ఆ మెరిసే స్పైకును పట్టుకోవడం. మామూలు ఎడ్జ్ ట్రిగ్గర్‌తో ఎందుకు దొరకదో చూడండి. స్కోపు ఒక తరంగాన్ని పట్టాక దాన్ని లెక్కించి, గీసి, మళ్లీ సిద్ధమయ్యే వరకు ఏమీ చూడదు, ఈ గుడ్డి సమయాన్నే డెడ్ టైమ్ అంటారు. డివిజన్‌కు 100 నానోసెకన్ల దగ్గర ఒక్కో తెర 1 మైక్రోసెకను. సెకనుకు 50,000 తరంగాలు పట్టే స్కోపు కూడా సెకనులో 5 శాతమే చూస్తుంది. నిమిషానికి మూడు గ్లిచ్‌లు వస్తుంటే ఒక్కటి కంటపడటానికి సగటున దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది, అదీ తెర మీద రెప్పపాటు. సెకనుకు 100 తరంగాలే పట్టే స్కోపైతే సగటున 55 గంటలు. అంచేత తెర ముందు కూర్చుని ఎదురు చూడటం పద్ధతి కాదు, ట్రిగ్గర్ చేత వెతికించాలి. ఇన్ఫినిట్ పర్సిస్టెన్స్ (గీసిన ప్రతి తరంగాన్నీ తెర మీద చెరపకుండా ఉంచడం) పెట్టి వదిలేయడం తోడ్పడుతుంది కానీ, దానికీ ఇదే డెడ్ టైమ్ అడ్డు.

మీ క్లాక్‌లో హై 500, లో 500 నానోసెకన్లు. పల్స్ విడ్త్ ట్రిగ్గర్ ఎంచుకుని, 100 నానోసెకన్ల కన్నా తక్కువ వెడల్పు అన్న షరతు పెట్టండి. ముందు పాజిటివ్ పల్సుకు, కొంతసేపటి తర్వాత నెగెటివ్ పల్సుకు. లెవెల్‌ను 1.6 వోల్టుల దగ్గర ఉంచి, ఏమీ రాకపోతే 1, 2.3 వోల్టుల దగ్గర కూడా ప్రయత్నించండి. ట్రిగ్గర్ మోడ్ ఆటోలో ఉంటే షరతు నెరవేరకపోయినా స్కోపు ఏదో ఒకటి గీస్తూనే ఉంటుంది, నార్మల్‌కు గానీ సింగిల్‌కు గానీ మార్చండి. సగం ఎత్తుకే లేచి పడిపోయే పల్సుల కోసం రంట్ ట్రిగ్గర్ ఉంటే, కింది హద్దు 1, పై హద్దు 2.3 వోల్టులు పెట్టండి. షరతు సరిపోయే వరకు ట్రిగ్గర్ సర్క్యూట్ ప్రతి పల్సునూ నిరంతరం కొలుస్తూనే ఉంటుంది కాబట్టి, సింగిల్‌లో వదిలితే మీ రేటు ప్రకారం మొదటి గ్లిచ్ అర నిమిషంలోపే చిక్కాలి. ట్రిగ్గర్ బిందువును తెర మధ్యలో ఉంచండి, గ్లిచ్‌కు ముందు జరిగింది కనిపించడమే అసలు లాభం. రెండో చానెల్‌ను కౌంటర్ సప్లై పిన్ మీద, మరో స్ప్రింగ్ గ్రౌండ్‌తో పెట్టండి.

చిక్కిన చిత్రాన్ని ఇలా చదవండి. స్పైకు ఎప్పుడూ క్లాక్ ఎడ్జ్ తర్వాత కొన్ని నానోసెకన్లకే వస్తుంటే అది తీగ చివర నుంచి తిరిగి వచ్చే ప్రతిఫలనం. 20 సెంటీమీటర్ల తీగలో సిగ్నల్ వెళ్లడానికి దాదాపు 1, తిరిగి రావడానికి మరో 1 నానోసెకను పడుతుంది. ఎడ్జ్ కూడా 2 నానోసెకన్లదే అయితే ఆ తీగ ఇక మామూలు తీగ కాదు, ట్రాన్స్‌మిషన్ లైన్, అంటే సిగ్నల్ అలలా వెళ్లి చివర తగిలి వెనక్కి వచ్చే మార్గం. స్పైకు ఎడ్జ్‌తో సంబంధం లేకుండా ఎక్కడపడితే అక్కడ వస్తూ, అదే క్షణంలో సప్లైలో గుంట పడుతుంటే, డీకప్లింగ్ (ఐసీ సప్లైని నిలకడగా ఉంచే కెపాసిటర్ ఆసరా) చాలడం లేదు. సప్లై నిశ్చలంగా ఉండి, స్పైకు మాత్రం మరొక లైన్ మారినప్పుడే వస్తుంటే అది పక్క తీగ నుంచి సిగ్నల్ పాకడం, అంటే క్రాస్‌టాక్. ఆ అనుమానమున్న లైన్‌ను మూడో చానెల్ మీద పెడితే నిమిషంలో తేలుతుంది. నిమిషానికి మూడే వస్తున్నాయంటే ప్రతిఫలనం ఒక్కటే కారణం కాకపోవచ్చు. అది ప్రతి ఎడ్జ్‌కూ ఉండి లైన్‌ను హద్దు దాకా తెస్తుంటే, ఇంకేదో అప్పుడప్పుడు వచ్చి హద్దు దాటిస్తోందని నా అంచనా.

మందు కూడా ఆ క్రమంలోనే. మైక్రోకంట్రోలర్ పిన్ పక్కనే, తీగ మొదట్లో, 33 ఓముల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టండి. 22 నుంచి 47 మధ్య ఏది బాగా నప్పుతుందో కౌంటర్ పిన్ దగ్గర చూసి తేల్చుకోండి. తీగ చివర పెడితే ప్రయోజనం ఉండదు. క్లాక్ తీగకు తోడుగా ఒక గ్రౌండ్ తీగను మెలిపెట్టి తీసుకెళ్లండి. కౌంటర్ సప్లై పిన్నుకు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఉండాలి. మైక్రోకంట్రోలర్‌లో పిన్ వేగాన్ని తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించండి, 1 మెగాహెర్ట్జ్‌కు 2 నానోసెకన్ల ఎడ్జ్ అవసరమే లేదు. ఇవన్నీ చేసినా మిగిలితే కౌంటర్ ముందు ష్మిట్ ట్రిగ్గర్ గేటు (లేవడానికీ పడటానికీ వేర్వేరు హద్దులుండేది) పెట్టండి. కెపాసిటర్‌ను క్లాక్ లైన్ మీద నేరుగా వేసి స్పైకును మింగించడం మాత్రం నాకు నచ్చదు, ఎడ్జ్ మందగించి హద్దు దగ్గర ఎక్కువసేపు తచ్చాడితే, కొద్దిపాటి నాయిస్‌కే రెండుసార్లు లెక్క పడుతుంది.

మార్పు చేసిన ప్రతిసారీ అదే పల్స్ విడ్త్ ట్రిగ్గర్‌ను ఆన్‌లో ఉంచి చూడండి, కానీ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా గడిచిందని పూర్తయిందనుకోవద్దు. నిమిషానికి సగటున మూడు వచ్చే సంఘటన ఏ కారణమూ లేకుండానే ఒక నిమిషం పాటు రాకుండా ఉండే అవకాశం నూటికి ఐదు. ఐదు నిమిషాల పాటు రాకపోతే మాత్రం దాన్ని యాదృచ్ఛికమని అనలేము. ఆ తర్వాత ప్రోబ్‌లన్నీ తీసేయండి, వాటి 12 పికోఫారడ్లే లైన్‌ను శాంతపరుస్తూ ఉండి ఉండవచ్చు. ప్రోబ్ లేకుండా మరో పది నిమిషాలు నడిపి, మైక్రోకంట్రోలర్ పంపిన అరవై కోట్ల పల్సులతో కౌంటర్ అంకెను పోల్చండి. కౌంటర్ నిండి మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే రకమైతే, అలా ఎన్నిసార్లు తిరిగిందో కలుపుకుని లెక్కించండి. పాత లెక్కన అది ముప్పై ఎక్కువ చూపాలి. రెండూ చివరి అంకె దాకా కలిస్తే సర్క్యూట్ బాగుపడినట్టు.